చెత్త సంచీకీ బడి సంచీకీ మధ్య

చెత్త ఏరుకునే కుటుంబంలోని పదేళ్ల పిల్లవాణ్ణి అక్షరాలు రాకుండానే అయిదో తరగతిలో కూర్చోబెడితే వారంలో మానేస్తాడు. ఒకటో తరగతిలో వేస్తే సిగ్గుపడి రాడు. ఇలాంటి పిల్లలకు దారి చూపింది మన సికింద్రాబాద్ సంస్థే. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల నుంచి పనిపిల్లలకు బ్రిడ్జి కోర్సులు నడిపి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ఆ ప్రత్యేక శిక్షణను హక్కు చేసింది. 14వ సెక్షన్ ప్రకారం, వయసు ధ్రువపత్రం లేదని ఏ బడీ పిల్లవాణ్ణి తిప్పి పంపరాదు.

సర్కారు బడిలో ఫీజు లేదు కదా, ఇక మన సొమ్ము దేనికని దాతలు అడుగుతుంటారు. ఆ శిక్షణ నెలల్లోనే ఖర్చంతా! బిడ్డ సంపాదన ఆగిన ఇంటికి రేషన్ కావాలి. ఫఖీర్లు, మిస్కీన్లకు జకాత్‌లో హక్కుంది (ఖుర్ఆన్ 9:60). టీచరు జీతం మాత్రం సదఖా నుంచి తీయడం మేలు.