ఉపప్రధానాచార్యుని బాధ్యతలు

తెలుగునాట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో ప్రధానోపాధ్యాయుడు సెలవులో ఉన్నప్పుడు సీనియర్ స్కూల్ అసిస్టెంటు ఆ బాధ్యత చూడడం పరిపాటి. 1986 నాటి జాతీయ విద్యావిధానంలో చోటు పొందిన జవహర్ నవోదయ విద్యాలయాలలో మాత్రం ఉపప్రధానాచార్యుడు, అనగా వైస్ ప్రిన్సిపాల్, అనే పదవి ప్రత్యేకంగా ఉన్నది.

ఆయన దినచర్య మొదటి గంట మోగక ముందే ఆరంభమవుతుంది. ఆనాడు సెలవు పెట్టిన ఉపాధ్యాయులెవరో తెలుసుకొని, వారి తరగతులకు మరొకరిని నియమించాలి. చూడడానికి ఇది గుమాస్తా పని వలె తోచవచ్చును. కాని కాదనలేని మెతక మనిషికే ప్రతిసారీ అదనపు తరగతి అప్పగిస్తే ఉపాధ్యాయుల గదిలో అసంతృప్తి రాజుకుంటుంది. ఆయన తాను కూడా పాఠాలు చెబుతాడు కనుక ఆ బరువు ఎంతటిదో ఎరుగును. కాలపట్టిక కూర్పు, పరీక్షల నిర్వహణ వంటివీ ఆయన పర్యవేక్షణలోనివే.

వీటన్నిటికంటె క్లిష్టమైనది క్రమశిక్షణ. బెత్తం చూపి పిల్లలను అదుపులో పెట్టే కాలం గతించింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. కాబట్టి శిక్షకు ముందు విచారణ అవసరం. నవోదయ పథకంలో తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు ఒక సంవత్సరం పాటు వేరొక భాషాప్రాంతంలోని విద్యాలయానికి వెళ్ళి చదువుతారు. హిందీ ప్రాంతం నుండి వచ్చిన బాలుడొకడు తరగతిలో నిద్రపోతున్నాడని ఫిర్యాదు వచ్చిందనుకుందాం. అది సోమరితనమా, అనారోగ్యమా, ఇంటి మీది బెంగతో రాత్రంతా మేలుకొని ఉండడమా? హాజరుపట్టీ ఈ సంగతి చెప్పదు. వసతిగృహ బాధ్యుడైన ఉపాధ్యాయుని అడగాలి. బాలుని పక్కన కూర్చోబెట్టుకొని, వానికి వచ్చిన భాషలోనే పలకరించాలి. అవసరమైతే తల్లిదండ్రులతో మాట్లాడించాలి. ఈ ఓపిక లేనివాడు ఆ గదిలో ఎన్ని దస్త్రాలు చక్కబెట్టినా పిల్లలకు ఒరిగేది స్వల్పం.

ఇక ఉపాధ్యాయుల ఇబ్బందులను ప్రధానాచార్యునికి, ప్రధానాచార్యుని ఆదేశాలను ఉపాధ్యాయులకు చేరవేసేదీ ఆయనే. ఉభయుల మాటలను ఉన్నవి ఉన్నట్లుగా చెప్పాలి. అయితే కోపంలో దొర్లిన మాటలను మోయనక్కరలేదు. ప్రధానాచార్యుడు ఊరిలో లేనప్పుడు విద్యాలయ భారం ఆయన మీద పడుతుంది. అర్ధరాత్రి పిల్లవానికి జ్వరం వస్తే ఆసుపత్రికి పంపే నిర్ణయం అప్పటికప్పుడే తీసుకోవాలి. ప్రధానాచార్యుడు లోగడ చేసిన ఏర్పాట్లను మార్చవలసిన విషయమైతే, ఆయన తిరిగి వచ్చేవరకు ఆగడం మర్యాద.