వెనక బ్రేకు

మదనపల్లెలో పెద్ద టమోటా మార్కెట్టు ఉంది. పుంగనూరు, కుప్పం పల్లెల్లో పాడి ఎక్కువ. టమోటా బుట్టలు, పాల క్యాన్లు మోపెడ్ల మీద పోతుంటాయి. బరువుతో దిగుడు దిగేటప్పుడు బ్రేకే ప్రాణం.

వెనక చక్రం డ్రమ్ములో రెండు బ్రేకు షూలు ఉంటాయి. బ్రేకు పడితే షూలు విచ్చుకుంటాయి. డ్రమ్మును ఒరుసుకుంటాయి. చక్రం ఆగుతుంది. వాడేకొద్దీ షూలు అరుగుతాయి. బ్రేకు వదులవుతుంది.

ఒక కోడలు ఇంజను ఆపి, బండికి స్టాండు వేసింది. వెనక బ్రేకు నట్టును కొంచెం బిగించింది.

"ఇంకా బిర్రుగా తిప్పు" అంది అత్త.

"వద్దత్తా! షూ పట్టేస్తే డ్రమ్ము కాలిపోతాది."

చేత్తో చక్రం తిప్పింది. సులువుగా తిరిగింది. బ్రేకు పట్టింది. టక్కున ఆగింది.

నట్టు కొసదాకా బిగించినా బ్రేకు పడలేదా? షూలు అరిగిపోయినట్టే. మార్చాలి. కొత్త షూలు మందంగా ఉంటాయి. అందుకే ముందు నట్టు వదులు చేయాలి. లేకుంటే డ్రమ్ములో పట్టవు. లోపలి దుమ్మును నోటితో ఊదకూడదు. ఊపిరితిత్తులకు చెరుపు. తడిగుడ్డతో తుడవాలి. షూలకు నూనె తగలరాదు. తగిలితే బ్రేకు జారుతుంది.

చెప్పండి:
1. అత్త మాట కోడలు ఎందుకు వినలేదు?
2. కొత్త షూలు వేసేముందు నట్టును ఏం చేయాలి?