వడగట్టిన ద్రవంలో మిగిలే లిథియం: రాబడి లెక్క

బ్యాటరీల గిరాకీ వలన లిథియం కార్బొనేటు ముఖ్యమైన సరకుల జాబితాలో చేరింది. దీని ధరలో ఒడిదుడుకులు మిక్కుటం. చైనా విపణిలో 2022 నవంబరులో టన్ను 6 లక్షల యువాన్ల దాకా పలికిన సరకు, 2023 చివరకు లక్ష యువాన్ల చుట్టుపక్కలకు దిగిపోయింది. ఈ ఎగుడుదిగుళ్ల ప్రభావం గనుల మీదనే గాక, ఫ్యాక్టరీలలో మిగిలిపోయే ద్రవాల విలువ మీద కూడా ఉంటుంది.

లిథియం లవణాల ద్రావణంలో సోడా యాష్ కలిపితే కార్బొనేటు తెల్లని పొడిగా అడుగుకు దిగుతుంది. చాలా లవణాలకు భిన్నంగా ఇది చన్నీటిలో ఎక్కువగా, వేడినీటిలో తక్కువగా కరుగుతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 13 గ్రాములు, 100 డిగ్రీల వద్ద సుమారు 7 గ్రాములు కరుగుతుంది. అందుకే ఈ పని మరిగే వేడికి దగ్గరలో చేస్తారు. అయినా పొడిని వడగట్టాక మిగిలే క్షార ద్రవంలో లీటరుకు ఒకటిన్నర గ్రాముల లిథియం ఉండిపోవటం మామూలే.

చూడటానికి ఇది స్వల్పమే. కాని ఘనపు మీటరు ద్రవానికి ఒకటిన్నర కిలోలవుతుంది. లిథియం బరువును 5.3తో హెచ్చవేస్తే కార్బొనేటు బరువు వస్తుంది. అంటే సుమారు 8 కిలోల సరకు. దాని విలువ 2022 నవంబరు ధరకు 4,800 యువాన్లు, 2023 చివరి ధరకు 800 యువాన్లు.

ఈ ద్రవాన్ని తిరిగి మొదటి తొట్టికి పంపవచ్చు. కాని పంపినకొద్దీ సోడియం పేరుకుని సరకు శుద్ధత దెబ్బతింటుంది. మరిగించి చిక్కబరిస్తే ఇంధనం ఖర్చు పెరుగుతుంది.

మరో మార్గం అయాన్ జల్లెడ. తెల్లరంగుల తయారీలో వాడే టిటానియం డయాక్సైడును లిథియం కార్బొనేటుతో కలిపి కొలిమిలో కాల్చి, అందులోని లిథియాన్ని ఆమ్లంతో కడిగివేస్తారు. ఆ చోట్లలో హైడ్రోజన్ చేరుతుంది. అవి ఎంత ఇరుకంటే, లిథియం కంటె పెద్దదైన సోడియం అయాను వాటిలో ఇమడదు. కనుక ద్రవంలో సోడియం ఎన్నో రెట్లు ఉన్నా జల్లెడ లిథియాన్నే ఎంచి పట్టుకుంటుంది.

లిథియం లోపలికి పోతే హైడ్రోజన్ బయటకు వస్తుంది. బయట ఆమ్లం పేరుకుంటే ఈ మారకం ఆగిపోతుంది. క్షారం ఆ హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు హరించివేస్తుంది కనుక మారకం సాగుతుంది. అల్యూమినియం జాతి జల్లెడలు ఉప్పునీటికి పనికివచ్చినా, ఘాటైన క్షారంలో కరిగిపోతాయి.

జల్లెడ పొడిని నేరుగా గొట్టంలో నింపితే ద్రవం దిగదు. జిగురు పదార్థంతో గుళికలు కట్టాలి. జిగురు ఎక్కువైతే రంధ్రాలు మూసుకుపోతాయి, తక్కువైతే గుళికలు చిట్లిపోతాయి. నిండిన గుళికలను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే లిథియం క్లోరైడు ద్రావణం లభిస్తుంది, గుళికలు మళ్లీ పనికి వస్తాయి. మాంగనీసు జల్లెడ ప్రతి కడుగుడులో కొంత కరిగిపోతుంది. టిటానియం జల్లెడ అంతకంటె మన్నికైనది.

కనుక ఇటువంటి పథకాన్ని పరిశీలించేవారు గుళికలు ఎన్ని విడతలు మన్నుతాయి, విడతకు ఆమ్లం ఎంత పడుతుంది అన్నవి ముందుగా చూడాలి. ఘనపు మీటరుకు అయ్యే మొత్తం ఖర్చు 800 యువాన్లకు లోబడితే 2023 చివరి వంటి మందగింపునూ తట్టుకుంటుంది. 4,800ను చూసి వేసిన అంచనా, ధర దిగిన నాడు నష్టానికే దారితీస్తుంది.