తెలిసి చేసెనా, కావాలని చేసెనా?



"కావాలనే చేశాడు" అను మాట సంఘ కూటములలో తరచుగా వినబడును. ఎదుటివాని మనస్సు చూడలేని మనము ఆ మాట ఎట్లు పలుకుచున్నాము? అమెరికా తత్త్వవేత్త జాషువా కనోబీ, న్యూయార్కు నగరములోని మన్‌హాటన్‌లో ఒక పార్కునకు వచ్చిన 78 మందిని ఇట్టి ప్రశ్నే అడిగి 2003లో ఫలితము ప్రచురించెను.

కొందరికి చెప్పిన కథ ఇది. కొత్త పథకము వలన లాభము వచ్చును గాని పర్యావరణమునకు హాని కలుగునని ఒక కంపెనీ ఛైర్మన్‌కు ఉపాధ్యక్షుడు తెలిపెను. పర్యావరణము సంగతి తనకక్కరలేదనియు, లాభమే కావలెననియు చెప్పి ఛైర్మన్ పని ఆరంభింపజేసెను. హాని జరిగెను. కావాలనే హాని చేసెనా? నూటికి 82 మంది అవుననిరి.

మిగిలినవారికి అదే కథలో "హాని"కి బదులు "మేలు" అని చెప్పిరి. ఛైర్మన్ జవాబు అదే. కావాలనే మేలు చేసెననినవారు నూటికి 23 మందే!

గమనించండి. రెండు కథలలోను అతడు కోరినది లాభమే. జరుగబోవునది ముందే తెలియును. మారినది ఫలితము మాత్రమే. ఉద్దేశము కనుగొని ఆపైన తప్పు పట్టుదుమని మనమనుకొందుము గాని, తప్పను తీర్పే ముందుగా లోపలికి వచ్చి కూర్చుండుచున్నది. ఇది జనుల పొరబాటని కొందరు పండితులందురు. కాదు, "కావాలని" అను తలంపులోనే మంచిచెడ్డలు ఇమిడియున్నవని కనోబీ వాదన. నాకైతే అది సగము సరియనిపించును. హాని తెలిసియు ఆగనివాడు ఆగవలసిన బాధ్యతను త్రోసివేసెను. మేలు విషయములో త్రోసివేయుటకేమియు లేదు.

మన తెలుగులో "తెలిసి చేశాడు" వేరు, "కావాలని చేశాడు" వేరు. కోపమొచ్చినప్పుడే రెండును ఒకటగును. ధర్మశాస్త్రము వీటిని కలిపివేయలేదు. ద్వితీయోపదేశకాండము 19లో గొడ్డలి ఊడి పొరుగువాడు చచ్చినయెడల, మునుపు పగ లేనివాడు ఆశ్రయపురమునకు పారిపోవచ్చును. నిర్గమకాండము 21లో పొడుచు ఎద్దని తెలిసియు దానిని భద్రము చేయని యజమానుడు ఎవరి చావును కోరలేదు. అయినను శిక్షకు పాత్రుడే. అక్కడ నేరము తెలిసియుండుటలో ఉన్నది.

వచ్చే బైబిలు తరగతిలో దీనిని పరీక్షించి చూడండి. రెండు గుంపులను వేరువేరు గదులలో కూర్చుండబెట్టండి. ఖర్చు తగ్గునని కార్యదర్శి ఆరాధన వేళ మార్చెను. వృద్ధులకు బస్సు దొరకదని ముందే చెప్పినను లెక్కచేయలేదు. ఇది మొదటి గుంపునకు. బస్సు సులువుగా దొరకునని చెప్పినను లెక్కచేయలేదని రెండవ గుంపునకు. కావాలని చేసెనా అని అడిగి, చేతులు లెక్కించి, ఆ తరువాతనే రెండు గుంపులను కలపండి.