ముందు గాలి చూడు

చిరంజీవి అబ్బాయికి,

పికప్‌కి ఒకేరోజు నాలుగు టైర్లూ నాలుగు షాక్‌లూ మార్పించాననీ, అప్పటినుంచి కుదుపులకి ఒళ్లు హూనమవుతోందనీ, షాక్‌లు విప్పించి వాపసు ఇచ్చేద్దామనుకుంటున్నాననీ రాశావు. తొందరపడకురా. రెండూ ఒక్కసారే మారాయి కాబట్టి తప్పు దేనిదో నీకింకా తెలీదు. కుదుపు అనగానే అందరి అనుమానమూ షాక్‌ల మీదకే పోతుంది. నా అనుమానం మాత్రం టైర్ల మీదే. అందులోనూ వాటిలో ఉన్న గాలి మీద.

డ్రైవర్ తలుపు తెరిచి, అది మూసుకునే చోట పక్క స్తంభం మీద చూడు. బండితోపాటు వచ్చిన టైరు సైజు, ఉండాల్సిన గాలి రాసిన స్టిక్కర్ ఉంటుంది. నీలాంటి హాఫ్ టన్ పికప్‌లకి చాలావరకు అది 35 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. తర్వాత కిందకి వంగి కొత్త టైరు పక్కగోడ చదువు. సైజుకి ముందు ఎల్‌టీ అనీ, ఆ పక్కనో కిందనో లోడ్ రేంజ్ ఈ అనీ ఉంటే, అది బరువులు లాగే బళ్ల కోసం చేసిన టైరు. పక్కగోడ మందం, తొందరగా వంగదు. 80 పీఎస్ఐ దాకా తట్టుకుంటుంది. తట్టుకుంటుంది కదా అని అంత పెట్టమని కాదు. అలాంటి టైరు కనబడగానే షాపులో కుర్రాళ్లు 55, 60 కొట్టి పంపేస్తుంటారు. బండికి మొదటి స్ప్రింగు టైరే. ఖాళీ ట్రక్కు కింద అంత గాలి ఉంటే అది నలగనే నలగదు, కాంక్రీటు రోడ్డు మీద ప్రతి అతుకూ తిన్నగా సీట్లోకి వచ్చేస్తుంది.

పొద్దున్నే బండి కదపకముందు కొలువు. టెక్సస్ ఎండలో ఆఫీసు నుంచి వచ్చాక కొలిస్తే ఆ అంకెని నమ్మలేం. పది డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది, పైగా పరుగు వేడి వేరే. గాలి సరిచేశాక ట్రెడ్‌కి అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుదాకా సుద్దముక్కతో మందంగా గీత గియ్యి. తిన్నగా ఉన్న వీధిలో కాస్త దూరం నెమ్మదిగా పోనిచ్చి దిగి చూడు. నడిమధ్య మాత్రమే చెరిగి, అంచుల దగ్గర సుద్ద తెల్లగా మిగిలితే గాలి ఇంకా ఎక్కువే.

అలాగని స్టిక్కర్ అంకెకంటే కిందకి మాత్రం దిగకు. ఎల్‌టీ టైరు అదే బరువు మొయ్యాలంటే మామూలు టైరుకంటే కొన్ని పాయింట్లు ఎక్కువే కావాలి. ఎంతన్నది టైరు కంపెనీ ఇచ్చే లోడ్ పట్టికలో ఉంటుంది, ఊహించి పెట్టకు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ట్రెడ్ ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తాపడి ఎంతోమంది పోయారు. ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26. ఫైర్‌స్టోన్ ఏమో 30 ఉండాలంది. తప్పు ఎవరిదని రెండు కంపెనీలూ గట్టిగానే వాదులాడుకున్నాయి. కానీ గాలి తగ్గితే టైరు వేడెక్కి పాడవుతుందన్న దాంట్లో ఎవరికీ సందేహం లేదు. మెత్తగా ఉండాలన్న ఆశతో ప్రాణం మీదకి తెచ్చుకోకు నాన్నా.

గాలి సరిచేసి ఓ వారం తిరుగు. ఈలోగా ఇంకేదీ ముట్టుకోకు. అప్పటికీ తగ్గకపోతే షాక్‌ల సంగతి చూద్దాం. షాక్ బరువు మొయ్యదు, మోసేవి ముందు స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. ఊపుని ఆపడమే షాక్ పని. కడ్డీ బయటికి కనబడే రకమైతే, దాని చుట్టూ ఒక జిప్ టై బిగించి షాక్ ఒంటికి ఆనించి పెట్టు. నీ రోజువారీ దారిలో ఒకసారి తిరిగొచ్చి, అది ఎక్కడిదాకా జరిగిందో చూడు. కడ్డీ చివరికంటా వెళ్లిందంటే షాక్ అడుగు తాకుతోందన్నమాట, పొడవు కుదరని షాక్ వేసినట్టే. అంతదూరం వెళ్లకపోయినా గట్టిగానే ఉంటే బోల్టులు చూడాలి. బండిని లిఫ్టు మీదకెత్తి, చక్రాలు వేలాడుతుండగానే బుష్షుల బోల్టులు పూర్తిగా బిగించేస్తుంటారు. బండి కిందకి దిగాక ఆ రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. చక్రాలు నేలమీద ఆని బండి బరువు పడ్డాక బోల్టులు వదులు చేసి, నాలుగుసార్లు ఊపి, టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించమను. అరగంట పని.

వెనకవైపు మాత్రమే ఎగురుతుంటే ఇసుక బస్తాలు నాలుగైదు కదలకుండా కట్టి చూడు. బరువుకి సర్దుకుంటే పట్టీల్లో లోపం లేదు. పికప్ పట్టీలు సామాను మోయడానికే చేసినవి, ఖాళీగా తిప్పితే ఎంతో కొంత ఎగురుతాయి.

ఇవన్నీ చూశాక కూడా చిన్న గతుకుల దగ్గర కటకట పోకపోతే, నువ్వు కొన్న షాక్ లోపలి వాల్వ్‌లే గట్టివి అనుకోవాలి. నైట్రోజన్ ఒత్తి నింపిన మోనోట్యూబ్ రకానికి వీధుల్లో ఆ గుణం ఉంటుంది, హైవే మీద అదే నిలకడ ఇస్తుంది. వాపసు ఇవ్వాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచిద్దాం.

స్టిక్కరూ, టైరు పక్కగోడా ఫొటో తీసి ఈ రాత్రికే పంపు. పొద్దున కొలిచిన నాలుగు అంకెలూ ఏ చక్రానిది ఏదో విడివిడిగా రాయి. మీ అమ్మ నడుంనొప్పితో విమానం దిగేలోగా ఇది తేల్చేద్దాం.

మీ బాబాయి