శకుంతలకు పుట్టింటి త్రోవ

శాకుంతలమును ప్రేమకథగా బోధించుట పరిపాటి. మేమును తరగతిలో అట్లే చెప్పుచున్నాము. విడిపోయిన తల్లిదండ్రుల బిడ్డ కథగా చదివినచో దానియందు వేరొక విషయము తోచును. విశ్వామిత్రుడు, మేనక ఎవరి దారిని వారు పోయిరి. పసికందును కణ్వుడు పెంచెను. ఆమె దుష్యంతుని నమ్మిన వేళ ఆ కణ్వుడును సోమతీర్థమునకు పోయి యుండెను. సంగతి ఎరిగినవారు చెలికత్తెలు మాత్రమే. వారు దుర్వాసుని శాపమును సైతము తమలోనే దాచుకొనిరి.

మన కొత్తచెరువు ప్రాంతమున ఇది ఆశ్రమవార్త కాదు. వేరుసెనగ చేతికి రాని యేట తండ్రి బెంగుళూరికి పనికి పోవును. తలాకో ఖులాయో జరిగిన ఇంట తల్లి కుట్టుపనితో పొద్దు గడపగా, పిల్లను నానీ కనిపెట్టుకొని యుండును. ఆ పిల్ల చేతిలో నేడు ఉంగరమునకు మారుగా సెల్‌ఫోను కలదు.

హనఫీ ధర్మశాస్త్రమున హిజానత్, అనగా బిడ్డను చెంతనుంచుకొని పెంచు హక్కు, కుమారునకు ఏడేండ్లు వచ్చువరకు, కుమార్తెకు యుక్తవయస్సు వచ్చువరకు తల్లిది, పిమ్మట తండ్రిది. మనసు నిలుకడ లేని వయసుననే ఇల్లును మారవలసి వచ్చునన్నమాట! 1890 నాటి సంరక్షకుల చట్టము బిడ్డ క్షేమమును ముందుంచి, తెలివి వచ్చిన బిడ్డ కోరికను న్యాయమూర్తి పరిగణింపవచ్చునన్నది. తల్లిదండ్రుల వివాదమున ప్రవక్త (స) ఒక బాలునే ఎన్నుకొమ్మనగా, అతడు తల్లి చేయి పట్టుకొనెనని అబూ దావూద్ హదీసు సంకలనమున కలదు. బిడ్డ మాట వినుట మనకు క్రొత్త కాదు.

కణ్వుడు తిరిగివచ్చి కోపింపలేదు. అది మెచ్చదగినదే. కాని అల్లుని సంగతి విచారింపకయే కుమార్తెను శిష్యుల వెంట పంపెను. ఇది మాకు నచ్చదు. రాజు ఆమెను ఎరుగనన్నప్పుడు శార్ఙ్గరవుడు ఆమెను అచటనే విడిచి, వెంటరాబోగా కసరెను. దుష్యంతుని మరపునకు శాపము కారణము. శార్ఙ్గరవుని కాఠిన్యమునకు ఏ శాపమును లేదు. ఆమెను చేరదీసినది నాడు విడిచిపోయిన మేనకయే.

“పో, మీ అబ్బా దగ్గరికే పో” అను తల్లియు, “అంతా మీ అమ్మీ పెంపకము” అను తండ్రియు శార్ఙ్గరవుని మాటనే పలుకుచున్నారు. అట్టి ఇంట పిల్ల ఆ చనువునే మరింత గట్టిగా పట్టుకొనును. ఆ కుర్రవాడు ఎవరి కొడుకని అడుగుటకు ముందు అడుగవలసినవి వేరు: ఇంట చెప్పవద్దనుచున్నాడా? చెలులతో మాటలాడనిచ్చుచున్నాడా? ఫొటోలు, డబ్బు అడుగుచున్నాడా? కాదన్నచో బెదిరించుచున్నాడా? పిల్ల చెప్పినదానిని దెప్పిపొడుపునకు వాడుకొనరాదు. చెలికత్తె వచ్చి చెప్పినచో ఆమె పేరు బయటపెట్టరాదు.

పరువు పేరిట తొందరపడి నికాహ్ చేయుట మందు కాదు. పదునెనిమిదేండ్లు నిండని బాలిక పెండ్లిని 2006 నాటి చట్టము నిషేధించినది. 2012 నాటి పోక్సో చట్టము ఆ వయసువారి సమ్మతిని సమ్మతిగా లెక్కింపదు. కనుక బెదిరింపు ఉన్నచో 1098 నంబరునకుగాని పోలీసులకుగాని తెలుపవలెను. మెసేజీలను చెరిపివేయరాదు.

తండ్రికి ఆ రాత్రియే ఫోను చేయవలెను. మెహర్, భరణముల తగవు ఆ సంభాషణలోనికి రాకూడదు. పిల్లతో ఇద్దరును ఒక్కమాటనే చెప్పుటకు నిశ్చయించుకొని, అటుపిమ్మట ఫోనును ఆమెకు ఇయ్యవలెను.