లినక్స్ ఎక్కించాక లాప్‌టాప్ మొండికేస్తే...



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ చిప్‌లలో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిది, టి.పి.ఎం. 2.0 ఉండాలి. మన ఉపకార వేతనం పొందే పిల్లల ఇళ్లలో ఉన్న పాత లాప్‌టాప్‌లు చాలావరకు ఈ అర్హతకు అందవు. అలాగని వాటిని మూలన పడేయనక్కరలేదు. లినక్స్ వేసుకుంటే చదువుకు, ప్రోగ్రామింగుకు ఇంకొన్నేళ్లు పనికొస్తాయి. చెన్నైలో లినక్స్ కొత్తేమీ కాదు. ఇక్కడి సి-డాక్ కేంద్రం రూపొందించిన బాస్ లినక్స్ తెలుగులోనూ పనిచేస్తుంది. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న ప్రారంభించిన ఉచిత లాప్‌టాప్ పథకంలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్‌ను కూడా పిల్లలకు ఇచ్చారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, లినక్స్ ఎక్కించిన తరువాత తెర నల్లగా ఉండిపోతుంది, లేదా ఏమీ జరగనట్టు విండోస్ తెరుచుకుంటుంది. “బోర్డు పోయింది, కొత్తది కొనండి” అనే మాట వినబడగానే తల్లిదండ్రుల గుండె జారిపోతుంది. ఆదివారాలు మన విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెప్పే నా అనుభవంలో ఇటువంటి కేసులు ఎక్కువ భాగం యంత్రం చెడినవి కావు, ఫర్మ్‌వేర్ సెట్టింగు కుదరనివి. ఆ తేడా ఎలా కనిపెట్టాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

పవర్ బటన్ నొక్కగానే మొదట మేలుకునేది విండోసూ కాదు, లినక్సూ కాదు. బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. పాత యంత్రాలలో దీన్ని బయోస్ అనేవారు. 2012 తరువాత వచ్చిన లాప్‌టాప్‌లలో సాధారణంగా యు.ఇ.ఎఫ్.ఐ. ఉంటుంది. దీన్ని హాస్టల్ వాచ్‌మన్‌తో పోల్చవచ్చు. అతని దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. ఎవరిని ముందు పిలవాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. అదే బూట్ ఆర్డర్. వచ్చినవారి కాగితం మీద ముద్ర సరైనదో కాదో కూడా చూస్తాడు. అదే సెక్యూర్ బూట్. మీరు లినక్స్‌ను డిస్కులో సరిగానే పెట్టి ఉండవచ్చు. వాచ్‌మన్ పుస్తకంలో దాని పేరు లేకపోతే మాత్రం పిలుపు రాదు.

ముందుగా చేయవలసిన మూడు పనులు

1. ప్రాజెక్టు ఫైళ్లు, ఫోటోలు, మార్కుల పత్రాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.

2. బిట్‌లాకర్ ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫర్మ్‌వేర్ సెట్టింగులు మారిస్తే విండోస్ ఆ కీ అడగవచ్చు. కీ లేకపోతే లోపలి ఫైళ్లు తిరిగి రావు.

3. ఫర్మ్‌వేర్ పేజీలు ఒక్కొక్కటీ మొబైల్‌తో ఫోటో తీయండి. ఆ తరువాత ఒకసారి ఒక్క సెట్టింగే మార్చి ఫలితం చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

లక్షణాన్ని బట్టి చికిత్స

పెన్‌డ్రైవ్ కనబడకపోతే: విండోస్‌లో షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. బూట్ మెనూ కోసం డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్.పి.లో ఎఫ్9 నొక్కాలి. ఏసర్ మోడళ్లలో కొన్నిటిలో ఎఫ్12 మెనూను ముందుగా సెట్టింగులలో ఆన్ చేయాలి.

సెక్యూరిటీ హెచ్చరిక వస్తే: ఉబుంటు, ఫెడోరా, 2019లో వచ్చిన డెబియన్ 10, దాని తరువాతివి సెక్యూర్ బూట్ ఉన్నా నడుస్తాయి. ముద్ర లేని లినక్స్ అయితే సెక్యూర్ బూట్ ఆపాలి. ఆ గడి మసకగా ఉండి మారకపోతే, కొన్ని లాప్‌టాప్‌లలో ముందు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టాలి. ఆ పాస్‌వర్డ్ తప్పక రాసిపెట్టుకోండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు కనబడకపోతే: స్టోరేజి సెట్టింగు రెయిడ్ లేదా ఆర్.ఎస్.టి. మీద ఉందేమో చూడండి. దాన్ని ఎ.హెచ్.సి.ఐ.కి మార్చాలి. విండోస్ కూడా ఉంచుకోదలచినవారు నేరుగా మార్చవద్దు. ముందు విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, సెట్టింగు మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ తరువాత మామూలు స్థితికి తేవాలి.

“బూట్ చేయగల డిస్కు లేదు” అని వస్తే: ఒక డిప్లొమా విద్యార్థిని లాప్‌టాప్‌కు ఇదే జరిగింది. రిపేరు షాపులో బోర్డు మార్చాలన్నారు. తండ్రి చిట్టీ పాడి డబ్బు తెద్దామనుకున్నారు. ఫర్మ్‌వేర్ పేజీలో చూస్తే డిస్కు పేరు, సైజు చక్కగా కనిపిస్తున్నాయి. అంటే డిస్కు బోర్డుకు అందుతూనే ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ తెరిచి, సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఇ.ఎఫ్.ఐ. అనే ఫోల్డర్ ఉందా అని చూశాం. లేదు. పెన్‌డ్రైవ్ పాత బయోస్ పద్ధతిలో, అంటే లెగసీ మోడ్‌లో తెరుచుకుందని దాని అర్థం. లినక్స్ కూడా ఆ పద్ధతిలోనే ఎక్కింది. ఫర్మ్‌వేర్ మాత్రం డిస్కును యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలోనే వెతుకుతోంది. పెన్‌డ్రైవ్‌ను యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో తెరిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ సాయంత్రానికే పని అయిపోయింది. చిట్టీ పాడే అవసరం రాలేదు.

నేరుగా విండోసే వస్తే: బూట్ ఆర్డర్‌లో లినక్స్ పేరును పైకి జరపండి. కొన్ని ఫర్మ్‌వేర్‌లు ఆ వరుసను పట్టించుకోవు. లెనోవో థింక్‌సెంటర్ ఎం92పి అనే డెస్క్‌టాప్ సంగతి ఇందుకు ఉదాహరణ. దాని ఫర్మ్‌వేర్ విండోస్, రెడ్ హ్యాట్ పేర్లను మాత్రమే గుర్తిస్తోందని 2012 నవంబరులో మాథ్యూ గారెట్ అనే లినక్స్ నిపుణుడు బయటపెట్టారు. తప్పు వాడేవారిది కానక్కరలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. దీనికి విరుగుడు ఉంది. ఇ.ఎఫ్.ఐ. విభాగంలో బూట్ అనే ఫోల్డర్‌లో ఒక సాధారణ పేరుతో ఫైలు ఉంటే, పుస్తకంలో ఏమీ లేనప్పుడు ఫర్మ్‌వేర్ దాన్ని తెరుస్తుంది. లినక్స్ బూట్ ఫైళ్లను అక్కడ కూడా ఉంచవచ్చు. ఇది తెలిసినవారి పక్కన కూర్చుని చేయండి.

ఒక జాగ్రత్త

ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ను మొదటి మందుగా వాడవద్దు. అవసరమైతే కంపెనీ వారి ఫైలునే, మీ మోడల్ నంబరు సరిచూసుకుని వాడాలి. చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే చేయాలి. మధ్యలో కరెంటు పోతే యంత్రం నిజంగానే పాడవుతుంది. పెద్ద సంస్థలకూ ఇక్కడ పొరపాట్లు జరిగాయి. ఉబుంటు 17.10లోని ఒక డ్రైవర్ వల్ల కొన్ని లెనోవో లాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ కాకుండా పోయాయి. 2017 డిసెంబరులో ఆ డౌన్‌లోడ్‌ను ఆపి, దిద్ది, 2018 జనవరిలో మళ్లీ విడుదల చేశారు. అందుకే కొత్తగా వచ్చిన వెర్షన్ కన్నా దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్‌ను ఎంచుకోవడం మేలు.

తల్లిదండ్రులకు ఒక మాట. బోర్డు మార్చాలని ఎవరైనా చెబితే డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఫర్మ్‌వేర్ పేజీ తెరుచుకుంటోందా? అందులో డిస్కు పేరు కనిపిస్తోందా? రెండింటికీ అవునని జవాబు వస్తే ముందు సెట్టింగులు చూడమనండి. పేజీయే తెరుచుకోకపోయినా, డిస్కు పేరు లేకపోయినా అప్పుడు మెకానిక్ అవసరమే.

అభ్యాసం

1. మీ లాప్‌టాప్ యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో తెరుచుకుంటోందా, లెగసీ పద్ధతిలోనా? ఎలా తెలుసుకున్నారో రాయండి.

2. మీ లాప్‌టాప్‌లో బూట్ ఆర్డర్‌లో ఉన్న పేర్లను వరుసగా రాయండి. ఏదీ మార్చకుండా బయటకు రండి.

3. బిట్‌లాకర్ కీ ఎక్కడ ఉందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.

ఈ మూడూ ఈ వారమే పూర్తి చేయండి. పరీక్షల ముందు రోజు రాత్రి లాప్‌టాప్ మొండికేస్తే, ఈ కాగితమే మీకు అక్కరకు వస్తుంది.